కిక్రి వినబడేలా మిక్సర్ కలుపుదాం



మన ఆటపాటలు వేదికెక్కినప్పుడు ఒకటి గమనించే ఉంటారు. తుడుం మోగుతుంది, డోలు మోగుతుంది, పెప్రె ఊరి చివరి దాకా వినబడుతుంది. ప్రధాన్ పెద్దాయన చేతిలో కిక్రి కమాను ఆడటం కనబడుతుంది గానీ శబ్దం చెవికి రాదు. గోండుల దేవతల కథలు, వంశాల కథలు తరతరాలుగా ప్రధానులు, తోటీలు ఆ మూడు తీగల మీదే పాడుతూ వచ్చారు. సౌండు మనిషి పెళ్ళి డీజే అలవాటుతో డోలు పెంచి కూర్చుంటే జనానికి దరువు దక్కుతుంది, కథ దక్కదు. గుస్సాడీ కనకరాజు గారికి 2021లో, కోయ డోలి కళాకారులు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఇంత గుర్తింపు వచ్చాక కూడా మన మైకు దగ్గర ఎవరో తెలియనివారు కూర్చోవడం మాకు నచ్చదు. ఆ కుర్చీలో మీరే కూర్చోవాలి.

డిజిటల్ మిక్సర్ చూసి భయపడకండి. బటన్లు ఎన్ని ఉన్నా పని మొదలయ్యేది వెనక ఉన్న రంధ్రాల దగ్గరే. మైకు తీగను ఎక్స్‌ఎల్‌ఆర్ అంటారు, మూడు పుల్లలుంటాయి. ఒకటోది ఎర్తు, రెండు, మూడు శబ్దాన్ని ఒకదానికొకటి తిరగేసి మోస్తాయి. దారిలో కరెంటు గోల రెండింటిలోనూ ఒకేలా చేరుతుంది. మిక్సర్ ఒకదాని నుంచి ఇంకోదాన్ని తీసేస్తుంది కాబట్టి గోల పోయి శబ్దం మిగులుతుంది. పుల్లలున్న కొన నుంచి శబ్దం బయటికి వస్తుంది, రంధ్రాలున్న కొనలోకి పోతుంది. ఇది గుర్తుంటే చీకట్లో కూడా తీగ తికమక పడదు.

ఇక్కడే ఒక చిక్కు చెప్పాలి, ఎందుకంటే ప్రతి కార్యక్రమంలో జరుగుతుంది. ఫోనులోనో ల్యాప్‌టాప్‌లోనో పాట పెట్టి, హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక్క తీగతో నేరుగా మిక్సర్ మైకు ఇన్‌పుట్‌కి కలుపుతారు. డోలు, తాళాలు ఏవో పలచగా వస్తాయి, పాడేవారి గొంతు మాయమవుతుంది. ఫైలు చెడిపోయిందనుకుంటారు. ఫైలు బాగానే ఉంది. ఎడమ, కుడి శబ్దాలు ఆ రెండు పుల్లల మీదికి వెళ్ళాయి, మిక్సర్ ఒకదాని నుంచి ఇంకోదాన్ని తీసేసింది. గొంతు రెండువైపులా సమానంగా ఉంటుంది కనుక అదే పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. ఎడమ ఒక ఛానల్‌కి, కుడి ఇంకో ఛానల్‌కి విడదీసే తీగ వాడండి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్స్ పెడితే ల్యాప్‌టాప్ ఛార్జరు గుయ్‌మనే రొద కూడా చాలావరకు ఆగుతుంది.

కిక్రికి చిన్న క్లిప్ కండెన్సర్ మైకు మేలు. దానికి మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు కావాలి. తీగ గుచ్చేటప్పుడు, పీకేటప్పుడు ఆ ఛానల్ మ్యూట్‌లో ఉండాలి, లేకపోతే స్పీకరు దడేల్‌మంటుంది. తుడుం, డోలు మైకులకు ఫాంటమ్ అక్కర్లేదు, గట్టి దెబ్బ తట్టుకునే డైనమిక్ మైకు చాలు. పెప్రె సహజంగానే గట్టిది, మైకును దూరంగా పెట్టండి, కొన్నిచోట్ల అసలు పెట్టకపోయినా నష్టం లేదు. గుస్సాడీలో మనిషి తిరుగుతూనే ఉంటాడు, నెమలి పింఛాల టోపీకి మైకు తగిలించే ఆలోచన మానుకోండి. గజ్జెల చప్పుడు కోసం నేల దగ్గర ఒకటి పెడితే సరిపోతుంది.

తర్వాత గెయిన్. వాయించేవారు నిజంగా ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగా వాయించమని అడగండి. మీటరు శిఖరాలు సున్నాకు 10, 12 డెసిబెల్స్ కిందే ఉండాలి. డిజిటల్‌లో సున్నా దాటితే శబ్దం చీలిపోతుంది, తర్వాత ఎవరూ బాగుచేయలేరు. కిక్రి వినబడకపోతే ముందు డోలు తగ్గించండి, కిక్రి పెంచడం ఆ తర్వాత. పెద్దాయన ముందు చిన్న మానిటరు పెట్టి, ఆయన గొంతు, కిక్రి మాత్రమే దానిలోకి పంపండి. తన గొంతు తనకు వినబడక అరిచి అరిచి అలసిపోయే పెద్దలను మనం చాలామందిని చూశాం.

వేదిక దూరమైతే స్టేజీ బాక్స్ వాడతారు. ఏఈఎస్50 పద్ధతిలో ఒక్క క్యాట్ 5ఈ తీగ మీద 100 మీటర్ల దాకా శబ్దాలన్నీ వస్తాయి. మామూలు ఇంటర్నెట్ స్విచ్‌ను దాని మధ్యలో పెట్టకూడదు. రెండు డిజిటల్ పెట్టెలు కలిస్తే క్లాక్ ఒక్కదానిదే నడవాలి, రెండోది దాన్ని అనుసరించాలి. టిక్ టిక్‌మని చప్పుళ్ళు వస్తే ముందు చూడాల్సింది అదే. జనరేటరు మీద నడిచేటప్పుడు మిక్సరుకి, స్టేజీ బాక్సుకి యూపీఎస్ పెట్టండి. కరెంటు పోయి వస్తే ఆంప్లిఫయరు వెంటనే లేస్తుంది, మిక్సరు తీరుబడిగా లేస్తుంది, ఆ నడుమ స్పీకర్లకు దెబ్బ.

మేము ఇంత పట్టుబట్టడానికి అసలు కారణం రికార్డింగు. చాలా మిక్సర్లలో యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్ కలిపితే ప్రతి మైకు వేరే ట్రాకుగా వస్తుంది. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఒక ట్రాకు గంటకు సుమారు 520 ఎంబీ, 16 ట్రాకులైతే 8 జీబీ పైచిలుకు. పెద్ద ఖర్చేమీ కాదు. కిక్రి ఒక్కటే విడిగా ఉంటే, వాయించేవారు దగ్గర లేని పిల్లవాడు కూడా ఆ ట్రాకు పెట్టుకుని వేలు ఎక్కడ పడుతోందో పట్టుకోగలడు. అన్నీ కలిపిన ఫైలులో డోలు వెనక కిక్రిని వెతుక్కుంటూ నేర్చుకోవడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికి తెలుసు.

రికార్డు చేసే ముందు పాడేవారిని అడగండి. దేవుడి ముందు తప్ప పాడకూడని పాటలు కొన్ని ఉంటాయి, అవి మీ సెల్లులోకి రావాల్సినవి కావు. ఒప్పుకున్నవాటికి ఫైలు పేరులో పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఏ కథో రాయండి. ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టి అదే వారంలో వారి ఇంటికి తీసుకెళ్ళి వినిపించండి.