బీమా పత్రములో నొక ప్రశ్న
(స్వర్ణకార సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యను గూర్చియు, వృత్తిపోషణమును గూర్చియు, వివాహవ్యయముల తగ్గింపును గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట నాకు బీమాను గూర్చి మాటలాడుటకు సెలవొసంగిరి. అందును నేను చెప్పబోవునది బీమాలో నొక మూలనున్న సంగతి. ఒకప్పుడు నేరమునకు శిక్షింపబడినవాడు తన యంగడికి గాని ప్రాణమునకు గాని బీమా పొందగలడా? పొందినను అది యక్కఱకు వచ్చునా? ఇట్టి ప్రశ్న మన సభలో నేల యని కొందఱు నొచ్చుకొనవచ్చును. నొచ్చుకొనవలదు. దొంగ తాను దొంగిలించినదానిని అమ్ముకొనుటకు బంగారపు టంగడికే వచ్చును. పట్టుబడిన పిదప పోలీసులు వానిని వెంటబెట్టుకొని వచ్చునదియు ఆ యంగడికే. ఇతర వృత్తులవారికి లేని యీ యాపద మన వృత్తిని నీడవలె వెన్నంటియున్నది.

దొంగసొత్తని యెఱిగియో, అట్లు నమ్ముటకు తగిన కారణముండియో కపటబుద్ధితో పుచ్చుకొనుట నేరము. వెనుకటి శిక్షాస్మృతిలో ఇది 411వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 317వ సెక్షను. మూడేండ్లవఱకు ఖైదు గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. దొంగతనము జరిగిన కొలదికాలమునకే సొత్తు ఒకనియొద్ద దొరికి, అది తనకెట్లు వచ్చెనో అతడు చెప్పలేనిచో, అతడు దొంగయో, దొంగసొత్తని యెఱిగి కొన్నవాడో యని న్యాయస్థానము ఊహింపవచ్చుననియు చట్టమున్నది. రసీదు లేక పాతబంగారమును కొని మూసలో వేసిన వానికి ఈ యూహ యెంత బరువైనదో నేను వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక నాకు తెలిసిన యొక కథ చెప్పెదను. ఇందు నా తప్పును గలదు గనుక పేరులు చెప్పను.

2011వ సంవత్సరమున మన సోదరు డొకని యంగడికి ఒక స్త్రీ వచ్చి, తన తల్లిదని చెప్పి, రెండు కాసుల గొలుసు నమ్మెను. ఆయన ఆమె పేరైనను వ్రాసికొనక, ఆ సాయంత్రమే దానిని కరగించెను. పదిదినములకు పోలీసులు ఆమెతో వచ్చి, గొలుసు లేదు గనుక అంత తూకపు కడ్డీని పట్టుకొనిపోయిరి. కేసు నడిచెను. వాయిదా కొక దినము చొప్పున అంగడి మూతపడుచుండెను. నేనప్పటికి న్యాయవాదవృత్తిలో చేరి కొలది యేండ్లే యైనది. “నేర మొప్పుకొనుము. జరిమానాతో పోవును. ఎల్లుండి కుంపటిముందు కూర్చుందువు” అని సలహా యిచ్చినవాడను నేనే. రెండువేల రూపాయల జరిమానాతో ఆ పూటకే ముగిసెను. ఆయన సంతోషించి నాకు కాఫీ యిప్పించెను.

ఆ నేరము సొత్తు యజమానుని సమ్మతితో రాజీ కాదగినది. రాజీ యైనచో విడుదలతో సమానము. ఆ కుటుంబము మా పేటలోనిదే. పోయి యడిగినచో వారు కాదనెడువారు కారని నే నిప్పటికిని నమ్ముదును. నే నడుగలేదు.

2018లో ఆయన అంగడిలోని సరకునకు బీమా చేసెను. ప్రతిపాదన పత్రమును ఏజెంటు నింపెను. అందు “మీరు గాని మీ భాగస్థులు గాని ఏ నేరమునకైనను శిక్షింపబడితిరా?” అని యొక ప్రశ్న. దాని కెదురుగ “లేదు” అని వ్రాయబడెను. ఈయన చూపినచోటనెల్ల సంతకము చేసెను. మఱుసటి వర్షకాలమున దొంగలు వెనుకగోడకు కన్నమువేసి 38 కాసుల సరకు నెత్తుకొనిపోయిరి. సర్వేయరు వచ్చెను. పుస్తకములు సరిపోయెను, తూకములు సరిపోయెను. పిదప పాతకేసు బయటపడెను. ముఖ్యమైన సంగతిని మఱుగుపఱచినందున ఒప్పందము చెల్లదని కంపెనీవారు వ్రాసిరి. “జరిమానా కట్టితిని గాని నాకు శిక్ష పడలేదు గదా బాబూ!” అని ఆయన నాయొద్దకు వచ్చి యడిగెను. జరిమానాయే శిక్ష యని 2011లో నే నాయనకు చెప్పి యుండలేదు. పోయిన 38 కాసులలో 14 కాసులు పెండ్లి నగలకై ఇతరు లిచ్చిన బంగారము. ఇంటిస్థలము నమ్మి ఆయన దానిని తీర్చెను.

కంపెనీవారు అన్యాయము చేసిరని నేను సులభముగ నిందింపజాలను. బీమా యొప్పందము పరమవిశ్వాసముపై నిలుచునది. సరకు సంగతియు, మనిషి సంగతియు తెలిసినవాడు అడుగువాడు, తెలియనివాడు ఇచ్చువాడు. ఈ సూత్రము ఇంగ్లాండు న్యాయస్థానములలో పెరిగి మనకు వచ్చినది. అచ్చట అది యెంత కఠినముగ నడచెనో చూపు రెండు తీర్పులు మన వృత్తికి సమీపమైనవే. 1951 నాటి స్కూల్‌మన్ కేసులో వాది నగల వర్తకుడు. ఆతని యంగడిలో దొంగలు పడిరి. ఆతని నేరశిక్షలలో కడపటిది పదునైదేండ్ల క్రిందటిది. పత్రములో దానినిగూర్చిన ప్రశ్నయే లేదు. వ్యాపారపు ప్రశ్నలు మాత్రముండెను. ఐనను అడుగకున్నను చెప్పవలసినదే యని తీర్పాయెను. 1975 నాటి లాంబర్ట్ కేసు మఱియు దుఃఖకరము. నగలకు బీమా చేసినది భార్య. నేరము చేసినది భర్త. మొదట దొంగ సిగరెట్లు పుచ్చుకొన్నందుకు జరిమానా, పిదప చౌర్యమునకు 15 నెలల ఖైదు. పాలసీని తిరిగి నూతనపఱచునపుడు ఆమె దీనిని చెప్పలేదు, ఎవరును అడుగలేదు. 311 పౌనుల నగలు పోగా ఆమెకు కానియైనను రాలేదు. న్యాయమూర్తులే సానుభూతి చూపుచు చట్టమునకు తలవంచిరి.

ఆ దేశమువారు చట్టమునే మార్చిరి. 1974 నాటి చట్టముచేత చిన్న శిక్షలు నిర్ణీతకాలము గడచినంతనే కాలముచెల్లినవగును. ఇంగ్లాండు, వేల్సులలో నేడు పెద్దవారికి పడిన జరిమానా ఒక సంవత్సరమునకే చెల్లిపోవును. ఆపై బీమాకంపెనీ యడిగినను చెప్పనక్కఱలేదు. 2012 నాటి మఱియొక చట్టము, 2013 ఏప్రిల్ నుండి, స్వంతమునకు బీమా తీసికొనువారు అడుగనిదానిని తామై చెప్పవలెనను విధిని తొలగించెను. అడిగినదానికి జాగ్రత్తతో నిజము చెప్పిన చాలును.

మనకు అట్టి సాధారణ చట్టము లేదు. బాలనేరస్థులకు మాత్రము 2015 నాటి చట్టములో రక్షణ గలదు. 1958 నాటి ప్రొబేషను చట్టము క్రింద సత్ప్రవర్తనపై విడువబడినవారికి శిక్షవలన గలుగు చట్టపరమైన అనర్హతలు తగులవు. కాని శిక్షింపదగినవాడని నిర్ణయింపబడిన సంగతి జరుగలేదని ఆ చట్టము చెప్పదు. తక్కినవారికి పదేండ్లు గడచినను ఇరువదియేండ్లు గడచినను ప్రశ్న ప్రశ్నయే. రెండువేల జరిమానా కట్టినవాడును, బందిపోటును ఒకే గడిలో “అవును” అని వ్రాయవలసినవారే. ఇది న్యాయము కాదని నా యభిప్రాయము. మన సంఘము శాసనసభ్యులకు పంపు విజ్ఞప్తులలో దీనిని చేర్చుట యుక్తము.

అంతవఱకు మనము చేయదగిన దేమి? ప్రశ్నను మాట మాటకు చదువుడు. ఫిర్యాదు వేఱు, అభియోగపత్రము వేఱు, శిక్ష వేఱు. శిక్షనుగూర్చి మాత్రమే యడిగినచో, కొట్టివేయబడిన కేసును, విడుదలైన కేసును అందు శిక్షగా వ్రాయనక్కఱలేదు. “కేసులేమైన నడచుచున్నవా” యనియు నడిగినచో నడచుచున్నదానిని వ్రాయవలెను. అడిగిన ప్రశ్నకు తప్పు జవాబిచ్చి, అది ముఖ్యము కాదని తరువాత వాదించుట మిక్కిలి కష్టము; 2009లో ఆరోగ్యబీమా తగవు నొకదానిలో సుప్రీముకోర్టు అడిగినదే ముఖ్యమను ధోరణిలో తీర్పిచ్చెను. ఏజెంటు వ్రాసెనన్న మాట సంతకము క్రింద నిలువదు. పత్రము నకలు మనకు ఉచితముగ రావలెను; రానిచో వ్రాసి తెప్పించుకొని, ఇంటిలో ఇంగ్లీషు చదివిన పిల్లలచేత చదివించుకొనుడు.

“అవును” అని వ్రాసిన మాత్రమున తలుపు మూసికొనదు. దానితో నొక యుత్తరము, తీర్పు నకలు జతపఱుపవలెను. ఎప్పుడు, ఏ సెక్షను, ఎంత జరిమానా, ఆపై ఎన్నేండ్లు నిష్కళంకముగ గడచెను. పాతబంగారము కొనునపుడు అమ్మువాని గుర్తింపుకార్డు నకలు తీసికొందుమా, రిజిస్టరు గలదా, హాల్‌మార్కు లెక్కలు సరిగనున్నవా, ఇనుపపెట్టె, కెమెరాలు గలవా యని అందు వ్రాయుడు. కంపెనీ ప్రీమియము పెంచవచ్చును, షరతులు పెట్టవచ్చును, నిరాకరింపవచ్చును. నిరాకరించినచో మఱియొక కంపెనీకి పోవుడు. కాని ఆ పత్రములో, ఇంతకుముందు నిరాకరింపబడితిరా యన్నచో దానికిని నిజమే వ్రాయుడు.

జీవితబీమాకు మాత్రము మేలైన రక్షణ గలదు. 1938 నాటి బీమా చట్టములోని 45వ సెక్షను 2015లో సవరింపబడెను. పాలసీ మొదలై, లేక చెల్లక నిలిచినదానిని తిరిగి బ్రతికించి, మూడేండ్లు నిండినచో ఏ కారణముచేతను దానిని ప్రశ్నింపరాదు. మూడేండ్లలోపల నైనను, మోసము లేనపుడు, దాచిన సంగతి మనిషి యాయుర్దాయమునకు సంబంధించినదై యుండవలెను. గొలుసు కొన్నందుకు పడిన జరిమానాకు ఆయుర్దాయముతో నేమి సంబంధమని వాదించుట కవకాశమున్నది. అంగడి సరకు బీమాకు ఈ 45వ సెక్షను వర్తింపదు. మనవారు పలువురు రెంటిని ఒకటిగా నెంచి మోసపోవుచున్నారు.

క్లెయిము నిరాకరింపబడినవారు మొదట కంపెనీకే వ్రాతమూలముగ మొఱపెట్టి, నెలలోపల జవాబు రాకున్నను, వచ్చినది నచ్చకున్నను, హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపల వ్రాసికొనవచ్చును. 50 లక్షలవఱకు వారు తీర్పు చెప్పగలరు, రుసుము లేదు. సంగతి దాచబడెనని నిరూపించు భారము కంపెనీదే యని 2024 ఏప్రిలులో సుప్రీముకోర్టు మరల స్పష్టపఱచెను.

నేను చెప్పిన సోదరుని కుమారుడు ఇప్పు డంగడి నడుపుచున్నాడు. తండ్రియు భాగస్థుడే. గత సంవత్సరము క్రొత్తపత్రము నింపుటకు ఇరువురు నాయొద్దకు వచ్చిరి. ఆ ప్రశ్నయొద్దకు రాగానే ముసలాయన కలము నందుకొని, తన చేతితోనే “అవును, 2011” అని వ్రాసెను. కంపెనీవారు రెండు ప్రశ్నలడిగి, ప్రీమియము కొంత పెంచి, వెనుకగోడను కాంక్రీటుతో కట్టింపుడని షరతుపెట్టి పాలసీ యిచ్చిరి. దానితో జతపఱచిన యుత్తరపు నకలును, పేరులు తీసివేసి, ఇరువది ప్రతులుగా తెచ్చితిని. కావలసినవారు మధ్యాహ్నము భోజనశాలయొద్ద నన్నడిగి తీసికొనవచ్చును.