న్యాయసహాయము – మన సంఘ కర్తవ్యము

(బైరకూరున జరిగిన మన సంఘ సభ్యుల సమావేశమందు చేయబడిన ఉపన్యాస పాఠము)



నేను వకీలును కాను. మెట్రిక్యులేషను వరకు చదివి, ఆపైన తండ్రిగారి అంగడిలో త్రాసు పట్టినవాడను. న్యాయసహాయమును గురించి మీ యెదుట మాటలాడుటకు నాకు గల అర్హత ఒక్కటే: నేను చేసిన ఒక తప్పు. దానిని ముందుగా చెప్పి, పిమ్మట విషయమునకు వచ్చెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట, సంక్రాంతి ముందటి దినములలో, అంగడి నిండ జనమున్న వేళ, పొరుగు గ్రామపు వృద్ధురాలొకతె వచ్చెను. భర్త లేడు, ఎకరమున్నర రాగి చేను ఆమెకు ఆధారము. "నాయనా, ఈ కాకితం ఏందో చదివి చెప్పప్పా" అని ఒక కాగితమును నా చేతికిచ్చెను. ఆమె మాట తెలుగు; అక్షరము ఏ భాషలోను రాదు. కాగితము కన్నడమున ఉన్నది. నాకు కన్నడము చక్కగా వచ్చును. బడిలో చదివిన భాషయే. అయినను నేను పైనున్న ముద్రను, మొదటి రెండు పంక్తులను మాత్రము చూచి, "భూమి పన్ను కాగితము అవ్వా, తొందరేమీ లేదు" అని మడచి ఇచ్చివేసితిని. ఆమె నా మాట నమ్మి, దానిని దేవుని పటము వెనుక భద్రపరచుకొనెను.

అది పన్ను కాగితము కాదు. మరది కుమారులు వేసిన భూమి దావాలో కోర్టు పంపిన సమను. వాయిదా దినమున ఆమె పక్షమున పలుకువారు లేకపోయిరి. ఏకపక్షముగా డిక్రీ అయ్యెను. మరుసటి సంవత్సరము అమీను వచ్చి చేనిగట్టు మీద నిలుచున్నప్పుడు గాని ఆ సంగతి ఆమెకు తెలియలేదు, నాకును తెలియలేదు. ఇట్టి డిక్రీని రద్దుచేయుమని కోరుటకు చట్టము ఇచ్చు గడువు 30 దినములు. సమను అందలేదని చెప్పుటకును వీలు లేదు. అందినట్లు ఆమె వ్రేలిముద్ర వేసియున్నది.

అప్పుడు ఊరి యువకుడొకడు ఆమెను ముళబాగిలునకు తోడుకొనిపోయి, తాలూకు న్యాయసేవల సమితి యెదుట నిలిపెను. ఆమెకు ఉచితముగా వకీలు నియమింపబడెను. ఆలస్యమును మన్నింపుమని ఒక అర్జీ, డిక్రీని రద్దుచేయుమని మరియొక అర్జీ దాఖలయ్యెను. కోర్టు రెంటిని అంగీకరించెను. చివరకు లోక్ అదాలతులో రాజీ కుదిరినది. ఎకరమున్నరలో ఇరువది గుంటలు పోయినవి, ఎకరము మిగిలినది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. నేటికిని మా అంగడికే వచ్చి సరకులు కొనుచున్నది. ఆ ఇరువది గుంటలు నా అజాగ్రత్తకు ఆమె చెల్లించిన వెల అని నేను ఎరుగుదును.

సోదరులారా, ఆ నాటి నుండి నేను ఈ విషయమును కొంత తెలిసికొనుటకు ప్రయత్నించితిని. తెలిసిన కొలది నాకు కలిగిన ఆశ్చర్యమేమనగా, మన దేశమున బీదవానికి వకీలును ఇచ్చు చట్టము లేకపోలేదు. 1976లో జరిగిన 42వ సవరణ వలన రాజ్యాంగమున 39-ఎ అధికరణము చేరినది. పేదరికము చేతగాని మరే అశక్తత చేతగాని ఎవనికిని న్యాయము దూరము కాకుండునట్లు ఉచిత న్యాయసహాయము నీయవలెనని అది ప్రభుత్వమును ఆదేశించుచున్నది. 1979లో, బీహారు చెరసాలలయందు విచారణ లేక సంవత్సరముల తరబడి మ్రగ్గుచుండిన ఖైదీల కేసులో, జస్టిస్ భగవతిగారి ధర్మాసనము ఇది నిందితుని ప్రాథమిక హక్కులోని భాగమని తీర్పు చెప్పెను. 1986లో సుప్రీంకోర్టు మరియొక మెట్టు ముందుకు పోయి, నిందితుడు నోరు తెరచి అడుగలేదన్న కారణము చేత ఆ హక్కు పోదని చెప్పెను. అడుగనిదే అమ్మయైనను పెట్టదని మన సామెత. ఈ ఒక్క విషయమున చట్టము అమ్మకన్న ఒక అడుగు ముందున్నది.

1987లో చేయబడి 1995 నవంబరు 9వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టమును బట్టి ఉచిత సహాయమునకు ఎవరు అర్హులు? స్త్రీలు, బాలలు – వారి ఆదాయమెంతయని అడుగ నక్కరలేదు. షెడ్యూల్డు కులములవారు, తెగలవారు. వికలాంగులు. కర్మాగారములందలి కార్మికులు. నిర్బంధమున ఉన్నవారు. కరువు, వరద, కుల దౌర్జన్యము మొదలగు ఆపదల పాలైనవారు. ప్రభుత్వము నిర్ణయించిన ఆదాయ పరిమితికి లోబడిన ఇతరులు. వీరికి వకీలు ఫీజే కాదు, కోర్టు రుసుము, నకళ్ల ఖర్చు, పత్రముల అనువాదపు ఖర్చు కూడ ఆ సంస్థయే భరించును. వ్రాయుట రానివాడు నోటితో చెప్పినచో, అక్కడివారే వ్రాసికొని వ్రేలిముద్ర తీసికొనవలెను. టెలిఫోనుపై 15100 అను సంఖ్యకు పిలిచినను సలహా లభించును. లోక్ అదాలతులో రాజీ కుదిరినచో అది కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. కట్టిన కోర్టు రుసుము తిరిగి వచ్చును. ఓడినవాడు కోర్టులో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటికి పోయి ఏడ్చెనని వినియున్న మనకు ఇది చిన్న మేలు కాదు. కాని అప్పీలు లేదు కనుకనే, రాజీ పత్రమును పూర్తిగా చదివించుకొని, అర్థము తెలిసిన పిమ్మటనే వ్రేలిముద్ర వేయవలెను.

మరి ఇంత సౌకర్యమున్నను మన అవ్వ ఎందుకు నష్టపోయెను? వకీలు దొరకక కాదు. వకీలు వద్దకు పోవలెనని తెలియకముందే, కాగితము చదువు తావుననే ఆమె ఓడిపోయెను. చట్టము ముళబాగిలు దాక వచ్చియున్నది. ముళబాగిలు నుండి ఆమె గడప దాక రావలసిన దూరము మన చేతులలో ఉన్నది. నేను నేడు చెప్పదలచిన ముఖ్యాంశము ఇదియే.

ఈ దూరము భాషాల్పసంఖ్యాకులకు మరింత ఎక్కువ. మన కోలారు జిల్లాలో ఇంట తెలుగు, బడిలో కన్నడము, పై కోర్టులలో ఇంగ్లీషు. మనలో అనేకులు తరతరములుగా ఇక్కడనే పుట్టి పెరిగినవారు. కన్నడము మనకు పరాయిది కాదు, అన్నము పెట్టిన భాష. ఆ భాషపై మనకు ఫిర్యాదు లేదు. కాని బడికి పోని వృద్ధులకు, సరిహద్దు కావలి పుంగనూరు, పలమనేరు వైపుల నుండి కోడండ్రుగా వచ్చిన స్త్రీలకు ఆ అక్షరములు రావు. అట్టివారి కొరకే రాజ్యాంగమున 350వ అధికరణము కలదు. తన కష్టమును చెప్పుకొను అర్జీని ఏ వ్యక్తి అయినను, ఏ అధికారికైనను, ఆ రాష్ట్రమున వాడుకలోనున్న ఏ భాషలోనైనను సమర్పించుకొనవచ్చును. తహసీలుదారునకు తెలుగున అర్జీ వ్రాయుట నేరము కాదు, హక్కు. అయితే కోర్టులో వేయు దావాకు కోర్టు భాష వేరు. ఈ రెంటిని కలిపి తికమక పడరాదు. క్రిమినలు కేసులలో సాక్ష్యము నిందితునికి తెలియని భాషలో నడచినచో, దానిని అతనికి తెలిసిన భాషలో బహిరంగముగా వివరించవలెనన్న నియమము పూర్వపు చట్టమునను ఉండెను, 2023లో చేయబడిన భారతీయ నాగరిక సురక్షా సంహితయందును ఉన్నది. పోలీసు ఠాణాలో నోటితో చెప్పిన ఫిర్యాదును వ్రాసికొని, చదివి వినిపించి, నకలు ఉచితముగా ఇయ్యవలెను. 1956లో భాషాల్పసంఖ్యాకుల రక్షణకై కేంద్రప్రభుత్వము పంపిన పత్రమునందును, వారు నూటికి 15, 20 మంది ఉన్న తావులలో ముఖ్యమైన ప్రకటనలను వారి భాషలో కూడ ప్రచురించుట మేలని చెప్పబడినది.

తెలియని కాగితముపై వ్రేలిముద్ర వేయుటకు భయపడుట అజ్ఞానమని చదువుకొన్నవారు నవ్వుదురు. నేను నవ్వను. మన జిల్లాలోనే, బంగారు గనులలో, 1930వ సంవత్సరమున వేలకొలది కార్మికులు సమ్మె చేసిరి. కొత్త రిజిస్టరు కొరకు వ్రేలిముద్రలు తీసికొన తలపెట్టుటయే ఆ సమ్మెకు మూలము. తమిళ, తెలుగు పల్లెల నుండి వచ్చి, భూమి లోపల ప్రాణములకు తెగించి పనిచేయుచుండిన ఆ మనుష్యులు, తమ ముద్ర ఏ కాగితముపై, ఏ ప్రయోజనమునకై పడునో తెలియనిదే వేయమనిరి. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడినవి. కాని వారు అడిగిన ప్రశ్న మూతపడలేదు.

మన పూర్వులు ఇంకను దూరము పోయిరి. 1860లో మద్రాసు రేవు నుండి మొదటి కూలీల ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాలునకు చేరినది. అటుపిమ్మట పోయినవారిలో తెలుగువారు అనేకులు. 1894లో బాలసుందరమను తమిళ కూలీ, యజమాని కొట్టగా పండ్లు విరిగి రక్తమోడుచు, తలపాగా చేతబట్టుకొని గాంధీజీ వద్దకు వచ్చెను. గాంధీజీకి అప్పటికి అతని భాష రాదు. ఆయన వద్ద పనిచేయుచుండిన తమిళ గుమాస్తా అతని గోడును వినిపించెను. పిమ్మట గాంధీజీ అతనిని వైద్యుని వద్దకు పంపి ధ్రువపత్రము తెప్పించి, మేజిస్ట్రేటు నొద్దకు కొనిపోయి, తుదకు వేరొక యజమానికి మార్పించెను. గాంధీజీని అందరు స్మరింతురు. ఆ గుమాస్తా అక్కడ లేనిచో బాలసుందరము కథ అక్కడనే ఆగిపోయెడిది. మన సంఘము ఆ గుమాస్తా పని చేయవలెనని నా మనవి.

ఇది కొత్త సంగతి కాదు. అమెరికాలోని న్యూయార్కు నగరమున 1876లో జర్మను వలసదారులు, తమవారిని మోసముల నుండి కాపాడుటకై ఒక న్యాయరక్షణ సంఘమును స్థాపించుకొనిరి. కొంత కాలమునకే ఆ సంఘము తలుపులు ఇతర జాతులవారికిని తెరువబడినవి. నేడును అది బీదల పక్షమున వాదించుచున్నది. ఆ దేశమున వలస కోర్టులో తనకై వాదించు వకీలును వలసదారుడు తన ఖర్చుతోనే తెచ్చుకొనవలెను. ప్రభుత్వ ఖర్చుపై వకీలును కోరు హక్కు చట్టమున లేదు. అందుచేత లాభాపేక్ష లేని సంఘములే ఆ లోటును కొంతవరకు తీర్చుచున్నవి. మన తెలుగు బిడ్డలు ఎందరో నేడు ఆ దేశమున ఉన్నారు. అక్కడ వారికి ఎవరైనను ఒక కాగితము చదివి పెట్టవలెనని మనము కోరుదుము గదా! అట్లయిన మన వాకిట నిలిచినవానికి మనమేమి చేయుచున్నాము?

నరసాపుర, వేమగల్లు కర్మాగారములకు ఒడిశా, బీహారుల నుండి యువకులు వచ్చుచున్నారు. వారి భాష మనకు రాదు. మన భాష వారికి రాదు. జీతము ఆగినపుడు ఎవరిని అడుగవలెనో వారికి తెలియదు. కార్మికులకు న్యాయసహాయము కలదని మనము ఇప్పుడే చెప్పుకొంటిమి. సొంత రాష్ట్రమువాడే కావలెనని ఆ చట్టము అనదు. ఒకప్పుడు మన తాతలు నిలిచిన చోటనే నేడు వారు నిలిచియున్నారు. కనుక మన సహాయము తెలుగువారితో ఆగిపోరాదు.

ఇక చేదు మాట యొకటి చెప్పక తప్పదు, మన్నింపుడు. మన వద్దకు వచ్చు కాగితములలో కొన్ని మనకే వ్యతిరేకమైనవై యుండును. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు సమభాగమును ఆంధ్రప్రదేశ్ 1985లో ఇచ్చినది. కర్ణాటకము 1994లో ఇచ్చినది. 2005లో దేశమంతటికిని వచ్చినది. తండ్రి 2005కు పూర్వమే గతించినను ఆ హక్కు చెల్లునని 2020లో సుప్రీంకోర్టు స్పష్టపరచెను. అయినను మన ఇండ్లలో పసుపు కుంకుమలిచ్చి, చీర పెట్టి, హక్కు విడుదల పత్రముపై ఆడబిడ్డ చేత సంతకము చేయించుకొనుట మీరెరుగనిది కాదు. ఆమె సంతోషముతో ఇచ్చినచో అది ఆమె యిష్టము. కాని ఆ పత్రమును ఆమెకు ఎవరైనను చదివి వినిపించిరా? రేపు మన సొంత చెల్లెలే ఆ కాగితము చేతబట్టుకొని ఈ సంఘము మెట్లెక్కినచో, మనము చదివి చెప్పుదుమా, లేక నేను అవ్వకు చెప్పినట్లు "తొందరేమీ లేదు" అని మడచి యిత్తుమా? ఈ ప్రశ్నకు నిజాయతీగా జవాబు చెప్పగలిగిన నాడే మనకు న్యాయసహాయమను మాట పలుకు అధికారము కలుగును.

నా సూచనలు నాలుగు. మొదటిది, ప్రతి ఆదివారము సంఘ కార్యాలయమున కన్నడము, ఇంగ్లీషు చదువగల ఇద్దరు యువతీ యువకులు కూర్చుండవలెను. ఎవరు ఏ కాగితము తెచ్చినను, మొదటి అక్షరము నుండి చివరి అక్షరము వరకు చదివి, వాయిదా తేదీని వారి భాషలో పెద్ద అక్షరములతో వ్రాసి ఈయవలెను. రెండవది, ఒక పుస్తకమున ఆ తేదీలను నమోదు చేసికొని, వారమునకు ముందే కబురు పంపవలెను. మూడవది, న్యాయసేవల సమితికి పోవువారికి తోడుగా ఒకరు పోవలెను. పహణి, ఆధారు మొదలగు పత్రముల నకళ్లు వెంట ఉంచవలెను. నాలుగవది, ఎవరి వద్దను ఒక్క పైసా తీసికొనరాదు. వకీలు చెప్పవలసిన సలహాను మనము చెప్పరాదు. దళారి వేషము వేసిన నాడు ఈ పని చెడును.

ఇందుకు కావలసిన బల్లను, కుర్చీలను, దీపపు ఖర్చును నేను భరించెదను. మొదటి ఆదివారము నేనే కూర్చుండెదను. అవ్వ ఆ దినమున వచ్చెదనన్నది. ఆమె వద్ద దేవుని పటము వెనుక ఇంకను నాలుగు కాగితములున్నవట. ఈ పర్యాయము వానిని పూర్తిగా చదివెదను.