కొత్త ఆర్థిక యుగం - చిన్న దేశాల అనుభవం



ఒకనాడు భూమి, గనులు, యంత్రాలు సంపద. నేడు విజ్ఞానమే ప్రధానమైన పెట్టుబడి. ఈ మార్పును ఒక్కొక్క దేశం ఒక్కొక్క విధంగా ఎదుర్కొన్నది.

1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నం కాగా ఫిన్లాండు ఒక పెద్ద విపణిని కోల్పోయింది. నిరుద్యోగం 15 శాతం దాటింది. అట్టి గడ్డుకాలంలోనూ ఆ ప్రభుత్వం సాంకేతిక పరిశోధనకు నిధులు పెంచింది. ఒకప్పుడు కాగితం, రబ్బరు వస్తువులు చేసిన నోకియా సంస్థ సెల్‌ఫోన్ల తయారీలో ప్రపంచంలో అగ్రస్థానం అందుకొన్నది. తరువాత స్మార్ట్‌ఫోన్ల పోటీకి నిలువలేక 2014లో ఆ వ్యాపారాన్ని అమ్ముకొన్నది. ఉద్యోగాలు పోయిన ఇంజనీర్లలో పలువురు సొంత సంస్థలు స్థాపించారు. కొలువు పోయినా చదువు పోలేదు.

1991లోనే తిరిగి స్వతంత్రమైన ఎస్తోనియా బడినే నమ్ముకొన్నది. 1996లో ‘పులి దూకు’ అనే అర్థం గల పథకంతో పాఠశాలలకు కంప్యూటర్లు, ఇంటర్నెట్టు, ఉపాధ్యాయులకు శిక్షణ సమకూర్చింది. 2018 నాటి అంతర్జాతీయ ‘పీసా’ పరీక్షలో పఠనం, విజ్ఞానశాస్త్రాలలో ఐరోపా దేశాలన్నిటికంటె ముందు నిలిచింది. సుమారు 13 లక్షల జనాభా గల ఆ దేశంలో అత్యధికులు చదివేది మాతృభాషలోనే. ఆంగ్లాన్ని మరొక భాషగా శ్రద్ధతో నేర్చుకొంటారు.

తెలుగు మాధ్యమం బిడ్డల బ్రతుకుతెరువుకు అడ్డమవుతుందేమోనన్న తల్లిదండ్రుల భయం సహజమే. అయితే పునాది మాతృభాషలో పడినంతమాత్రాన కొత్త యుగం తలుపులు మూసుకోవని ఈ దేశాలు చూపుతున్నాయి. అక్కడి భాషలకు ప్రభుత్వమే అండ. రాష్ట్రం వెలుపలి తెలుగుకు ఇల్లూ, బడీ అండ కావాలి. ఆ బాధ్యతను అందరూ కలిసి మోయుదురు గాక!