గరివిడి నల్లరాయి
(పెన్షనర్ల దినం సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించయితే గంటసేపు మాట్లాడగలను. సూక్ష్మజీవుల గురించి చెబుతానంటే కార్యదర్శిగారు నవ్వి పది నిమిషాలిచ్చారు. అది చాలు.

ఈ బల్లమీది నల్లరాయి మాంగనీసు ఖనిజం. గరివిడి, చీపురుపల్లి వైపు వారికి దీన్ని పరిచయం చేయనక్కరలేదు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మన కోడూరులోనే మొదలయింది. ఈ నిక్షేపాలపై 1909లో పెద్ద గ్రంథం ప్రకటించిన ఫెర్మర్ దొర ఇక్కడి ఒక రాతికి ఆ ఊరి పేరే పెట్టి కోడూరైట్ అన్నాడు. కరిగిన శిలాద్రవం చల్లారి అది ఏర్పడిందని ఆయన అభిప్రాయం. తరువాతివారు కాదన్నారు. పూర్వపు సముద్రం అడుగున పేరుకున్న మట్టే భూగర్భంలో వేడికి, ఒత్తిడికి ఉడికి అలా మారిందన్నారు. దొర చెప్పినదల్లా వేదం కాదు కదా!

ఉద్యోగంలో కొన్నేళ్లు నేను గనుల లీజు ఫైళ్లు, రాయల్టీ చలాన్లు చూశాను. ఎన్ని టన్నులు, ఎంత సొమ్ము, అంతే. రాయి వయస్సుకు ఆ రిజిస్టరులో కాలమే లేదు.

సముద్రపు నీటిలో కరిగిన మాంగనీసు ముద్దగా అడుగుకు దిగాలంటే సాధారణంగా ప్రాణవాయువు తగలాలి. మొదట్లో భూమిపై గాలిలో అది లేదు. భూమి వయస్సు సుమారు 450 కోట్ల ఏళ్లు. జీవం పుట్టి కనీసం 350 కోట్ల ఏళ్లు. అందులో చాలాభాగం కంటికి కనపడని జీవులదే రాజ్యం. వాటిలో ఒక జాతి, మనం వరిచేలో ఎరువుగా వేసే నీలి ఆకుపచ్చ నాచు జాతి, ఎండ సాయంతో నీటిని చీల్చడం నేర్చింది. అలా వెలువడిన ప్రాణవాయువును చాలాకాలం సముద్రంలోని ఇనుము వంటివి మింగేశాయి. 240 కోట్ల ఏళ్ల క్రితం ప్రాంతంలో గాని అది గాలిలో నిలవలేదు. పాతకాలపు సూక్ష్మజీవులు అనేకానికి అది విషం. అవి గాలి సోకని బురదల్లో తలదాచుకున్నాయి. మన గోబర్ గ్యాస్ తొట్టిలో పనిచేసేవి ఆ బాపతువే.

ఆనాటి నాచు పొరలు పొరలుగా కట్టిన రాళ్లు చూడాలంటే కడప జిల్లా వేంపల్లె ప్రాంతానికి వెళ్లవచ్చు. వాటి వయస్సు 190 కోట్ల ఏళ్ల పైమాటే.

నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించినది వేరే ఉంది. ఆ నాచులో నీటిని చీల్చే పనిముట్టులో ఉండేవి నాలుగు మాంగనీసు పరమాణువులు, ఒక కాల్షియం. ఈ నల్లరాయి సరుకే! చెట్ల ఆకుల్లోనూ అదే పనిముట్టు. ఎందుకంటే ఆకులోని పచ్చని రేణువులు ఒకనాడు మరో కణంలో చేరి అక్కడే కాపురం పెట్టిన ఆ నాచు జీవులే. లిన్ మార్గులిస్ అనే శాస్త్రవేత్త 1967లో ఈ మాటను గట్టిగా వాదించింది. మొదట చాలామంది ఒప్పుకోలేదు.

2021లో మా ఇంటావిడ వేలికి పెట్టిన యంత్రం 86 చూపించింది. సిలిండరు కోసం మా అబ్బాయి రాత్రంతా తిరిగి తెల్లవారుజామున తెచ్చాడు. ఆవిడ ఇదిగో, రెండో వరుసలో కూర్చుంది. మన సంఘంలో కొందరికి దొరకలేదు. వారి ఇంటివారూ ఈ సభలో ఉన్నారు. ఆ సిలిండరులోనిది గాలిలోంచి వేరుచేసినదే, గాలికి మొదట అప్పిచ్చినది ఆ నాచే. సూక్ష్మజీవి అంటే రోగమే అనే మాట అప్పటినుంచి నా నోట రావడం లేదు.

ఈ రాయిని వరుసలో చేతులు మార్చి చూడండి. చూడటానికి చిన్నదేగాని బరువు, జాగ్రత్త. నలుపు అంటుతుంది, టీకి ముందు చేతులు కడుక్కోండి.