ఫైళ్లు కుట్టిన చేత్తో పిల్లల బట్టలు, బొమ్మలు

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా హుజూరాబాద్‌లో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబర్ 17న మనం కలుసుకుంటాం. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ ఎవరి దయాదాక్షిణ్యం కాదని, రిటైరైన తేదీని బట్టి పెన్షనర్లను రెండు వర్గాలుగా చీల్చరాదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి, కరువు భత్యం గురించి నాకంటే బాగా చెప్పగలిగిన వారు వేదిక మీదనే ఉన్నారు. కార్యదర్శి గారు నన్ను మాత్రం "మీ కుట్టు మిషన్ సంగతి చెప్పండి" అన్నారు. ఆయన నవ్వుతూ అన్నారో, నిజంగా అన్నారో నేను గమనించలేదు. ఈ మూడేండ్లలో నవ్వేవాళ్లు నాకు అలవాటైపోయారు.

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా 1973లో చేరి 2008లో పదవీ విరమణ చేశాను. ఆ ముప్పై ఐదేండ్లలో నాకు తెలిసిన కుట్టు ఒక్కటే, ఫైలు కుట్టడం. దబ్బనం, తెల్ల ట్వైను దారం, నాలుగు రంధ్రాలు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు పాత రికార్డులన్నీ విప్పి, మండలాల వారీగా విడదీసి, మళ్లీ కుట్టి, ఎర్రగుడ్డలో మూటలు కట్టిన వాళ్లలో నేనొకణ్ణి. ఆ రోజుల్లో మా వేళ్లకు కాయలు కాశాయి. ఇంట్లో మాత్రం అంగి గుండీ ఊడితే నా భార్య ముందు అంగి పడేసి, తొందరగా కుట్టమని కేకలేసి ఆఫీసుకు పోయేవాణ్ణి.

మా ఇంట్లో కాలు మిషన్ 1981లో వచ్చింది. జీపీఎఫ్ అప్పు తీసుకొని కొన్నాను. దరఖాస్తులో కారణం ఏం రాశానో చెప్పను, ఇక్కడ ట్రెజరీ వాళ్లు కూడా ఉన్నారు. ఆమె చదివింది నాలుగో తరగతి. ఎవరి దగ్గరా కుట్టు నేర్చుకోలేదు. పాత అంగి కుట్లు విప్పి, ఆ ముక్కలను పాత పేపరు మీద పరిచి, చుట్టూ గీత గీసి, అలా నేర్చుకుంది. ముగ్గురు పిల్లలకు పుట్టినప్పటి జుబ్బాల నుంచి లాగులు, అంగీలు, లంగలు అన్నీ ఆ మిషన్ మీదనే.

మన దిక్కు కొత్త బట్టలంటే దసరాకే కదా. తానులో ఒకే గుడ్డ కొనేవాళ్లం. ముగ్గురికీ అదే గుడ్డ. పండుగనాడు జమ్మి దగ్గరికి ముగ్గురూ పోతుంటే పెండ్లి బ్యాండు మేళం పోతున్నట్టుండేది. మీలో చాలామంది ఇండ్లలో కూడా ఇదే బ్యాండు మేళం ఉండేదని నాకు తెలుసు. ఆడపిల్ల లంగకు కింద మూడు మడతలు లోపలికి పెట్టి కుట్టేది. ఏడాదికొక మడత విప్పేది. విప్పిన చోట రంగు వెలవకుండా పట్టీ వేసినట్టు కొత్తగా కనబడేది. లంగ అంచు చూసి పిల్ల ఏడాదికి ఎంత ఎదిగిందో చెప్పవచ్చు.

ఇప్పుడు చెప్పేది చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. 1988లో ఒక అధికారి ఇంట్లో శుభకార్యానికి కుటుంబంతో పోవలసి వచ్చింది. మా అమ్మాయికి ఆమె పసుపు రంగు గుడ్డ మీద చిన్న చిన్న ఎర్ర పువ్వులున్న గౌను కుట్టి తొడిగింది. అక్కడ మిగతా పిల్లలందరూ రెడీమేడ్ బట్టల్లో ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక నేనే అన్నాను, "నలుగురిలో నామోషీ అయింది, ఇకమీదట పిల్లలకు ఇంట్లో కుట్టకు" అని. ఆమె సరే అన్నది. ఆ తరువాత పిల్లలకు బట్టలు కుట్టలేదు. దిండు గలీబులు, బొంతలు కుట్టేది, మనవలు పుట్టినంక గుడ్డబొమ్మలు కుట్టేది. ఆ గౌను ఏమైందో నేను అడగలేదు.

ఆమె కాలం చేసి నాలుగేండ్లయింది. మిషన్ మూలకు పడి ఉంటే, "బాపూ, ఎవరికన్నా ఇచ్చేద్దామా" అని మా అమ్మాయి అడిగింది. ఇద్దాంలే అన్నాను. ఆ ఎండాకాలం సెలవులకు మనవరాలు వచ్చి, చెయ్యి ఊడిన గుడ్డబొమ్మను నా ఒళ్లో పెట్టి, "తాతా, అమ్మమ్మ బొమ్మ కుట్టవా" అన్నది. దర్జీకి ఇస్తానంటే వద్దని ఏడ్చింది. సరే, దబ్బనం పట్టిన చెయ్యే కదా అని సూది తీసుకున్నాను.

భుజం దగ్గర కుట్టు విప్పితే లోపల దూది లేదు. అన్నీ గుడ్డ పేలికలు, వేలెడు వేలెడు ముక్కలు. మా పెద్దవాడి బడి లాగు నీలం గుడ్డ, నా చారల అంగి. వాటి మధ్యన పసుపు మీద ఎర్రపువ్వుల గుడ్డ. చాలా ముక్కలున్నాయి, గౌనంతా అందులోనే ఉన్నట్టుంది. మళ్లీ లోపల పెట్టి కుట్టేశాను. చాలాసేపు పట్టింది. మిషన్ ఎవరికీ ఇవ్వలేదు.

నేర్చుకోవడం మాత్రం సులువు కాలేదు. మా వీధి చివర మేర కులానికి చెందిన దర్జీ ఉన్నాడు. తండ్రి తరం నుంచి అదే పని. "సార్, మీకెందుకు ఈ పని" అని రెండు రోజులు తిప్పి, మూడో రోజు పాత పేపరిచ్చి దారం లేకుండా దాని మీద గీత వెంబడి మిషన్ తొక్కమన్నాడు. వారం రోజులు పేపర్లే కుట్టాను. తొక్కుడు ఆగిపోయినప్పుడు చక్రం వెనక్కు తిరగకుండా చూసుకోవడం అన్నిటికంటే కష్టం. వెనక్కు తిరిగిందంటే దారం తెగుతుంది. కాటరాక్టు ఆపరేషన్ అయిన కండ్లతో సూదిలోకి దారం ఎక్కించడం రెండో కష్టం. సూది వెనక తెల్లకాగితం పెడితే కొంత నయం. సన్నని తీగతో దారం లాగే పరికరం బజార్లో దొరుకుతుంది. నాకు అది తెలిసేసరికి నెల గడిచింది.

మొదటి జుబ్బా మా రెండో మనవడికి కుట్టాను. అందులో ఇద్దరు పిల్లలు పడతారు. ఎందుకంటే ఆమె టేపు వాడేది కాదు, జానతో, బెత్తెడుతో కొలిచేది. పుట్టిన పిల్లకు రెండు జానల వెడల్పు అని నోటి లెక్క మా అమ్మాయికి గుర్తుంది. ఆమె జాన ఏడంగుళాలు, నాది తొమ్మిది. ఇప్పుడు టేపుతోనే కొలుస్తున్నాను.

పసిపిల్లలకు పాత బట్టే వాడాలని మన పెద్దలు ఎందుకు చెప్పారో కుట్టడం మొదలుపెట్టినంకనే నాకు అర్థమైంది. వంద ఉతుకులు ఉతికిన నూలు పంచెలో గంజి ఉండదు, కొత్త రంగు వాసన ఉండదు, ఇక కుంచించుకుపోయేది కూడా ఉండదు. చెమట పీల్చుకుంటుంది. పంచె నడుమ నలిగి చినుగుతుంది గానీ రెండు కొనల దగ్గర గట్టిగానే ఉంటుంది. ఆ భాగం కోసుకోవాలి. ముందు వేడినీళ్లలో ఉడకబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చెయ్యాలి. గుడ్డను మడతపెట్టి కోస్తే భుజం దగ్గర కుట్టు రానే రాదు. పక్క కుట్లు బయటి వైపుకు ఉండాలి. మన కంటికి తిరగేసి తొడిగినట్టు కనబడుతుంది, కానీ బిడ్డ చర్మానికి ఒరుసుకోదు. ముందుభాగం తెరిచి, గుండీలకు బదులు అదే గుడ్డతో పొట్టి నాడాలు రొమ్ము దగ్గర పెట్టాలి. మెడ చుట్టూ ఏ నాడా పెట్టవద్దు. సన్నబట్టకు మిషన్లో పదకొండో నంబరు సూది వెయ్యండి. పద్నాలుగో నంబరుతో కుడితే రంధ్రాలు పడతాయి. కొత్త గుడ్డయితే కోయకముందే ఉతకాలి, లేకుంటే ఉతికినంక జుబ్బా బిగుతవుతుంది.

2017లో మొదలుపెట్టి ప్రభుత్వం కొన్నేండ్లు పంచిన బతుకమ్మ చీరలు చాలా ఇండ్లలో పెట్టెల్లో ఉన్నాయి. మన సిరిసిల్ల మరమగ్గాల మీద నేసినవి. అవి కూడా పనికొస్తాయా అని కొందరు అడిగారు. బొమ్మకు చీర కట్టడానికి బాగా పనికొస్తాయి. పసిపిల్లల ఒంటి మీదికి మాత్రం వద్దు. పాలిస్టర్ చెమట పీల్చదు. బొమ్మల బట్టలకు అన్నిటికంటే మంచివి రవిక గుడ్డలు. పెండ్లిళ్లలో, పేరంటాల్లో ఒకరికొకరు పెట్టుకుంటూ, విప్పకుండానే ఇంకొకరికి పెట్టేస్తూ తిరుగుతుంటాయి కదా. మా బీరువాలో నలభై ఒకటి తేలాయి.

బొమ్మ విషయానికి వస్తాను. మన ఆదిలాబాద్ వైపు నిర్మల్ బొమ్మలకు దేశమంతటా పేరుంది. పొనికి కర్ర చెక్కి, రంగులు వేసి, పండును పండులా, పిట్టను పిట్టలా చేస్తారు. వాటిని అద్దాల అల్మారాలో పెడతాం, పిల్లలు ముట్టుకుంటే అరుస్తాం. గుడ్డబొమ్మకు ఆ గౌరవం లేదు. పిల్ల దాన్ని కాలు పట్టుకొని ఇల్లంతా ఈడుస్తుంది, రాత్రి చంకలో పెట్టుకొని పడుకుంటుంది. జర్మనీలో మార్గరెట్ స్టైఫ్ అని ఒక కుట్టుపని ఆమె ఉండేది. చిన్నప్పుడే పోలియోతో కాళ్లు పడిపోయాయి. 1880లో సూదులు గుచ్చిపెట్టుకోవడానికి గుడ్డతో ఏనుగు కుట్టింది. సూదుల కోసం కుట్టినదాన్ని పిల్లలు ఆటకు తీసుకున్నారు. పెద్ద బొమ్మల కంపెనీ అక్కడినుంచే మొదలైంది.

నేను కుట్టేది తొమ్మిదంగుళాల బొమ్మ. పాత పంచె రెండు పొరలు వేసి మనిషి ఆకారం రెండు ముక్కలు కోసి, తిరగేసి కుట్టి, వీపు దగ్గర మూడు వేళ్ల సందు వదిలి, అందులోనుంచి మంచి వైపుకు తిప్పాలి. ముందు కాళ్లు చేతులు పెన్సిలుతో కూరి నింపి, తరువాత తల, చివరికి పొట్ట. దూదికి మనకు కరువు లేదు, జమ్మికుంట పత్తి మార్కెట్ పక్కనే ఉంది. అయితే వదులుగా నింపితే ఉతికినంక ఉండలు కడుతుంది. గట్టిగా నింపి, ఉతికిన తరువాత రెండు రోజులు ఎండలో పెట్టాలి. బూరుగుదూది మెత్తగా ఉంటుంది గానీ పలచటి గుడ్డలోనుంచి బయటికి వస్తుంది, నింపేటప్పుడు ముక్కులోకి పోతుంది.

ఇక నా తప్పు చెప్పాలి. మొదట్లో బొమ్మ కండ్లకు నల్ల గుండీలు కుట్టేవాణ్ణి, ముద్దుగా ఉంటాయని. మనవడికి పది నెలలు. ఒకనాడు బొమ్మను నోట్లో పెట్టుకొని నములుతున్నాడు, దారం తెగి గుండీ గొంతు దగ్గరికి పోయింది. ఊపిరాడలేదు. మా అమ్మాయి వాణ్ణి ముంజేతి మీద తల కిందికి ఉండేటట్టు బోర్లా పెట్టి వీపు మీద చరిచింది. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో గుండీ నేల మీద పడ్డది. నేను సూది పట్టుకొని అక్కడే నిలబడి ఉన్నాను, కాళ్లు కదలలేదు. అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి ఇంట్లో ఉన్న బొమ్మలన్నిటి కండ్లు పీకేశాను. ఆమె కుట్టిన పాత బొమ్మను చూస్తే, కండ్లు, నోరు అన్నీ దారంతోనే కుట్టి ఉన్నాయి. ఇన్నాళ్లూ చూస్తూనే ఉన్నాను గానీ ఎందుకో ఆలోచించలేదు.

అప్పటినుంచి గుండీలు, పూసలు, చమ్కీలు, గజ్జెలు ఏవీ లేవు. కుట్టడం అయినంక ప్రతి కుట్టును రెండు చేతులతో లాగి చూస్తాను. సూదులకు ఒక రిజిస్టరు పెట్టాను. తీసినవి ఎన్ని, తిరిగి పెట్టినవి ఎన్ని, తేదీ, సంతకం. రెండు సార్లు లెక్క తప్పింది. ఒకసారి సూది దిండులో దొరికింది. రెండోసారి దొరకలేదు. పూర్తయిన బొమ్మను మొత్తం విప్పితే దాని పొట్టలో ఉంది. అందుకని నన్ను చాదస్తుడంటే ఒప్పుకుంటాను. 2021 జనవరి 1 నుంచి అంగట్లో అమ్మే ఆటబొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అయింది. ఇంట్లో కుట్టి పిల్లలకు ఇచ్చుకునే బొమ్మకు ఆ తనిఖీ లేదు, మనమే చెయ్యాలి.

ఇందులో డబ్బు మిగులుతుందా అని ఒక మిత్రుడు అడిగారు. మిగలదు. రెండు మధ్యాహ్నాలు కూర్చుంటే ఒక జుబ్బా అవుతుంది, బజార్లో అంతకంటే చూడముచ్చటైనది తక్కువకే దొరుకుతుంది. పొదుపు కోసమైతే ఈ పని పెట్టుకోవద్దు. ఆమె కుట్టిన రోజుల్లో పొదుపు ఉండేది. ఆ లెక్క నేనెప్పుడూ వెయ్యలేదు, ఇప్పుడు వేద్దామన్నా కాగితం లేదు.

ఇంటి పిల్లలకు సరిపోగా మిగిలిన పదహారు బొమ్మలను మా దగ్గరి అంగన్‌వాడీకి ఇచ్చాను. 1975 అక్టోబర్ 2న దేశంలో ఆ పథకం మొదలైనప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. అంగన్‌వాడీ లోపలికి పోయింది మాత్రం ఇదే మొదటిసారి. అక్కడి టీచరమ్మ ఇంకా కావాలన్నారు. నా ఒక్కడితో కాదు.

కాబట్టి వచ్చే గురువారం పగలు మూడు గంటలకు మా ఇంటికి రావలసిందిగా కోరుతున్నాను. భార్య ఉన్నవారు, లేనివారు, ఎవరైనా రావచ్చు. ఉడకబెట్టి ఇస్త్రీ చేసిన పాత పంచె ఒకటి తెచ్చుకోండి. సూదులు, దారం, దూది నా దగ్గర ఉన్నాయి. సూది తీసుకున్నవారు రిజిస్టర్లో సంతకం చెయ్యాలి. కండ్లద్దాలు మాత్రం ఎవరివి వారే తెచ్చుకోవాలి.