రూల్స్ ఇంజిన్ స్లో అయిందా? ముందు మీ రూల్ చూడండి!

హైటెక్ సిటీ, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ... ఈ చుట్టుపక్కల బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ ప్రాజెక్టుల్లో చేరినవాళ్లకి ఒక మాట బాగా తెలుసు: "ఈ ఒక్క రూల్ యాడ్ చేసెయ్." చేస్తాం. టెస్టింగ్‌లో పాస్ అవుతుంది. ప్రొడక్షన్‌కి వెళ్లాక మాత్రం కదలదు. ఎందుకు? డ్రూల్స్‌ని ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

ముందు ఇంజిన్ ఏం చేస్తుందో తెలియాలి. "జీతం 25,000 దాటాలి, పాత బాకీ ఉండకూడదు, అప్పుడే లోన్." ఇది ఒక రూల్. ఇలాంటివి వందలు ఉంటే, ప్రతి రూల్‌నీ ప్రతి కస్టమర్‌తో మొదటి నుంచి పోల్చుకుంటూ పోవడం దండగ. దీనికి దారి చూపించింది రీటీ అల్గారిథమ్. అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో చార్ల్స్ ఫోర్జీ తయారు చేశారు. 1979లో ఆయన పీహెచ్‌డీ థీసిస్ కూడా దీని మీదే. రీటీ అంటే లాటిన్‌లో వల. ఒకసారి చెక్ చేసినదాన్ని గుర్తుపెట్టుకుని, డేటా మారిన చోటే మళ్లీ చూస్తుంది. డ్రూల్స్ ఇప్పుడు వాడే ఫ్రీక్ అల్గారిథమ్ కూడా దీని నుంచి పెరిగిందే. అంటే ఇంజిన్ ఆల్రెడీ తెలివైనదే. మనం దానికి అనవసరమైన పని పెట్టకపోతే చాలు.

మొదటిది, తేలికైన చెక్ ముందు పెట్టండి. రాయదుర్గం మెట్రో దగ్గర క్యాబ్ బుక్ చేశారు. ఎదురుగా ఇరవై తెల్ల కార్లు. ప్రతి డ్రైవర్‌కీ ఓటీపీ చెప్పుకుంటూ వెళ్తారా? నంబర్ ప్లేట్ చూస్తారు, ఆ ఒక్క కారు దగ్గరికే వెళ్తారు. రూల్ కూడా అంతే. ఎక్కువమందిని ఒక్క దెబ్బకి తీసేసే కండిషన్ ముందు, బరువైన ఫంక్షన్ కాల్ చివర. ఇంకోటి, ఒకే కండిషన్లు చాలా రూల్స్‌లో వస్తుంటే అన్నింట్లో ఒకే వరసలో రాయండి. అప్పుడు ఇంజిన్ వాటిని ఒక్కసారే చెక్ చేసి, ఆ ఫలితాన్ని అన్ని రూల్స్‌కీ పంచుతుంది.

రెండోది, జాయిన్‌లు. 5,000 మంది కస్టమర్లు, 20,000 ట్రాన్సాక్షన్లు ఉన్నాయనుకోండి. రెండింటినీ లింక్ లేకుండా ఒకే రూల్‌లో పెడితే 10 కోట్ల జతలు! అదే "10 లక్షలు దాటినవి మాత్రమే" అని ముందే ఫిల్టర్ చేశారు, 40 మిగిలాయి. తర్వాత కస్టమర్ నంబర్ సమానంగా ఉండాలని కండిషన్ పెట్టారు. సమానం అనే పోలికకి ఇంజిన్ ఇండెక్స్ వాడుకోగలదు. ఇక వెతకాల్సింది 40 సార్లే. సర్వర్ మార్చలేదు, రూల్ మార్చాం అంతే.

మూడోది, అప్‌డేట్‌లు. ఇది నా సొంత అనుభవం. కంపెనీ పేరు వద్దులెండి. ఒక రూల్ రిస్క్ స్కోర్‌కి 10 కలిపేది. దాని కండిషన్‌లో కూడా అదే స్కోర్ ఉంది. కలిపింది, మళ్లీ మ్యాచ్ అయింది, మళ్లీ కలిపింది... రాత్రి 2 గంటలకి ఫోన్. నో-లూప్ అని ఒక లైన్ పెట్టేసి పడుకున్నా. మర్నాడు రాత్రి మళ్లీ ఫోన్! నో-లూప్ ఆ రూల్ తనని తాను లేపుకోకుండా ఆపుతుంది, అంతే. మధ్యలో ఇంకో రూల్ స్కోర్ మారిస్తే రెండూ ఒకదాన్నొకటి లేపుకుంటూనే ఉంటాయి. చివరికి "ఈ పాయింట్లు ఇంకా కలపలేదు" అనే కండిషన్ పెడితే ఆగింది. ఆ ప్యాచ్ మొదటి రోజే వేసి ఉంటే ఇంకో రాత్రి నిద్ర మిగిలేది. అలాగే, మారిన ఫీల్డ్‌ని మాత్రమే మోడిఫై చెయ్యండి. ఆ ఫీల్డ్ మీద ఆధారపడిన రూల్స్ మాత్రమే లేస్తాయి.

చివరిది, అన్నింటికన్నా ముఖ్యమైనది. స్పీడ్ వచ్చింది సరే, జవాబు కరెక్టేనా? మన తెలంగాణలోనే చూడండి. సమగ్ర వేదిక అనే సిస్టమ్ వేర్వేరు శాఖల డేటాని కలిపి, ఎవరు పథకాలకి అర్హులో తేల్చడానికి వాడారు. కారు ఉంటే రేషన్ కార్డు వచ్చేది కాదు. రూల్ సింపుల్. కానీ 2024లో వచ్చిన ఒక కథనం ప్రకారం, హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి కారు ఉందని రికార్డులో పడింది. అసలు కారున్నది దగ్గరి పేరున్న ఇంకొకాయనకి. రద్దయిన రేషన్ కార్డులని ఇంటింటికీ వెళ్లి మళ్లీ వెరిఫై చెయ్యమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

ఇది డ్రూల్స్‌లో రాశారని నేను అనట్లేదు. కానీ పాఠం మనదే. తప్పు డేటా మీద పెట్టిన ఫాస్ట్ రూల్, తప్పుని కూడా ఫాస్ట్‌గానే చేస్తుంది. కాబట్టి రిజెక్ట్ చేసే ప్రతి రూల్ దగ్గర రెండు రాయండి: ఏ రూల్ వల్ల రిజెక్ట్ అయింది, ఏ డేటా చూసి. పేరు ఒక్కటే కలిసిందా? అయితే రిజెక్ట్ చెయ్యకుండా మనిషి చూసే లిస్టులోకి పంపండి. దానికి పట్టేది ఒక్క ఎక్స్‌ట్రా రూల్. అవతలివాళ్లకి అది నెల బియ్యం.

సో ఫ్రెండ్స్, రేపు ఆఫీసుకి వెళ్లగానే మీ ప్రాజెక్ట్‌లో అన్నింటికన్నా స్లోగా ఉన్న ఒక్క రూల్ తీయండి. లింక్ లేని జాయిన్ ఉందా, తనని తానే లేపుకుంటోందా, కారణం రాస్తోందా చూడండి. ఏం దొరికిందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!