బోధన్ పంచదార బుట్ట, కాంతి వేగం

బోధన్ శక్కర్‌నగర్‌లోని షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గానీ, అందులో పనిచేసినవాళ్లకు సెంట్రిఫ్యూగల్ మిషన్ గుర్తుండే ఉంటుంది. చిక్కటి గోధుమరంగు పాకం జల్లెడ బుట్టలో పడి గిర్రున తిరిగేది. మడ్డి రంధ్రాల్లోంచి బయటికి చిమ్మేది, పలుకులు గోడకు అతుక్కునేవి, నీళ్లు చల్లితే తెల్లబడేవి. నాలుగడుగుల బుట్ట నిమిషానికి 1200 చుట్లు తిరిగితే, గోడ దగ్గర బలం భూమ్యాకర్షణకు దాదాపు వెయ్యి రెట్లు!

మనిషి అంత ఓర్వలేడు. రాకెట్‌లో వెళ్లేవాళ్ల మీద పడేది మామూలుగా మూడు నాలుగు రెట్లే. అరవై కిలోల మనిషి రెండు క్వింటాళ్లు తూగినట్టు. అందుకే వెల్లకిలా పడుకోబెడతారు. నిటారుగా ఉంటే నెత్తురు కాళ్లలోకి దిగి కళ్లు బైర్లు కమ్ముతాయి.

సరే, ఎవరో వెయ్యి రెట్లూ తట్టుకుని, రాకెట్‌లో అదే ఊపున ఆగకుండా వేగం పెంచుకుంటూ పోయారనుకుందాం. న్యూటన్ లెక్కన ఎనిమిదిన్నర గంటల్లో కాంతి వేగం, అంటే సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు, అందుకోవాలి. అందదు. వేగం పెరిగేకొద్దీ ఇంకాస్త పెంచడానికి అయ్యే శక్తి అంతులేకుండా పోతుందని 1905లో ఐన్‌స్టీన్ తేల్చాడు. భూమ్మీది బరువే ఉండేలా హాయిగా, రాకెట్‌లోని గడియారం ప్రకారం ఏడాదిపాటు తోసుకుపోయినా, కాంతి వేగంలో 77 శాతానికే చేరతాం. అంత ఇంధనం ఎక్కణ్నుంచి తెస్తామన్నది ఇంకో బాధ.